భాగహారం వచ్చినంత మాత్రాన సరిపోదు

"వైద్యంలో ఖర్చు–ఫలితం లెక్కల అసలు రంగు" అంటూ ఒక మెసేజ్ గ్రూపు తర్వాత గ్రూపులో తిరుగుతోంది. పంపేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లున్నారు, డాక్టర్లూ ఉన్నారు. అందులోని లెక్కను ఒక్కరైనా కాగితం మీద వేసి చూసినట్టు లేదు. చూసి ఉంటే రెండో పాయింటు దగ్గరే వేలు ఆగిపోయేది.

మెసేజ్ చెప్పేది క్లుప్తంగా ఇదీ. ఒకటి: ఆర్థికవేత్తలు మనిషి ప్రాణానికి రేటు కడతారు. రెండు: చికిత్సకయ్యే మొత్తం ఖర్చును అది ఇచ్చే మొత్తం ఆయుష్షుతో భాగించండి, తక్కువ అంకె వచ్చిన చికిత్సే మంచిది, ఇంతకు మించి ఇందులో శాస్త్రం లేదు. మూడు: జబ్బు రాకుండా చూసుకుంటే ఎప్పుడూ డబ్బు మిగులుతుంది, కాబట్టి నివారణకు లెక్కలు అక్కర్లేదు. నాలుగు: తలసరి ఆదాయానికి మూడు రెట్ల లోపు ఉంటే ఏ చికిత్సనైనా కొనొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది. ఐదు: డిస్కౌంట్ (ముందు ముందు వచ్చే లాభాన్నీ అయ్యే ఖర్చునూ ఇవాళ్టి లెక్కలో తగ్గించి చూడటం) పేరుతో రేపటి తరం ఆరోగ్యాన్ని కొట్టేస్తారు. ఆరు: క్వాలీ అనే కొలత (పూర్తి ఆరోగ్యంతో బతికిన ఏడాది ఒక క్వాలీ, జబ్బుతో బతికిన ఏడాది అంతకన్నా తక్కువ) వికలాంగుల ప్రాణాన్ని తక్కువ చేస్తుంది.

మొదటిది పాత ఆరోపణే. వినడానికి ఘాటుగా ఉంటుందని ముందు పెట్టినట్టున్నారు. ఒక క్వాలీకి ఇంతకు మించి పెట్టకూడదు అనే హద్దు ఎవరి ప్రాణం ఖరీదూ కాదు, బడ్జెట్ ఎంత బిగువుగా ఉందో చెప్పే అంకె. వైన్‌స్టైన్, జెక్‌హౌజర్ అనే పరిశోధకులు 1973లోనే దీన్ని గణితంగా చూపించారు. బడ్జెట్ పెరగనప్పుడు కొత్త మందుకు ఇచ్చే ప్రతి పైసా ఇంకెక్కడి నుంచో తీసిందే. తీసిన చోట ఒక క్వాలీ పోవడానికి ఎంత డబ్బు తగ్గితే చాలో, అదే హద్దు. అవకాశ వ్యయం అని పాఠ్యపుస్తకంలో చదివింది ఇదే.

ఇంగ్లండులో ఏ చికిత్సకు ప్రభుత్వ డబ్బు పెట్టొచ్చో తేల్చే నైస్ అనే సంస్థ చాలా ఏళ్లపాటు క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల హద్దు పాటించింది. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో నిజంగా ఎంత డబ్బు పక్కకు పోతే ఒక క్వాలీ పోతోందో యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. 2015లో వాళ్లు ప్రచురించిన అంకె 12,936 పౌండ్లు. ఆ అంచనా సరైనదైతే, క్వాలీకి 30,000 పౌండ్లయ్యే మందును ఒప్పుకున్న ప్రతిసారీ ఒక క్వాలీ చేతికొచ్చి, రెండుకు పైగా చేజారుతున్నాయి. మందు అందినవాళ్లు మనకు కనిపిస్తారు. స్కానింగ్ రెండు నెలలు వెనక్కి జరిగినవాళ్లు, నర్సులు తగ్గిన వార్డులో పడుకున్నవాళ్లు తాము నష్టపోయిన సంగతే ఎరగరు. లెక్కలు మానేస్తే వీళ్ల నష్టం ఆగదు, కనబడకుండా పోతుందంతే. జనం ఎంత చెల్లించడానికి సిద్ధపడతారో అడిగి హద్దు రాబట్టే పద్ధతి ఇంకొకటుంది. "రేటు కట్టడం" అనే మాట దానికైతే కొంత అతుకుతుంది. కానీ మెసేజ్ రాసినవారు ఆ రెండింటినీ వేరు చేసి చూడలేదు.

ఇప్పుడు రెండో పాయింటు. దీని మీద ఎక్కువసేపు ఉండక తప్పదు. మిగతావి అభిప్రాయాలు, ఇది పద్ధతి. ఈ పద్ధతిని నమ్మి ఎవరైనా నిజంగా కొనుగోలు నిర్ణయం తీసుకుంటే రోగులకు నష్టం జరుగుతుంది.

ఒక జబ్బుకు నాలుగు దారులున్నాయనుకుందాం. అంకెలు ఒక్కో రోగికి, జీవితాంతానికి. డబ్బు ఏ దేశానిదైనా ఒకటే.

కొత్తగా ఏమీ చేయకపోతే: ఖర్చు 1,00,000, ఫలితం 5 క్వాలీలు. (ఏమీ చేయకపోయినా రోగి ఆస్పత్రికి వస్తూనే ఉంటాడు, ఖర్చు సున్నా కాదు.)
మొదటి మందు: 1,50,000, 6 క్వాలీలు.
రెండో మందు: 2,40,000, 6.5 క్వాలీలు.
మూడో మందు: 3,00,000, 7.5 క్వాలీలు.

మెసేజ్ చెప్పినట్టే భాగించండి. వరుసగా 20,000, 25,000, దాదాపు 36,900, 40,000 వస్తాయి. అతి తక్కువ అంకె దేనికి వచ్చింది? ఏమీ చేయకపోవడానికి! ఈ సూత్రాన్ని పాటిస్తే ఈ జబ్బుకు వైద్యమే చేయకూడదు. ప్రాణానికి రేటు కడుతున్నారని ఒకటో పాయింటులో కంటతడి పెట్టిన మెసేజే రెండో పాయింటులో రోగిని వట్టి చేతులతో ఇంటికి పంపిస్తోంది. ఇది ఎన్ని వందలమంది చేతుల మీదుగా వచ్చిందో తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సరైన లెక్క సగటుది కాదు, అదనానిది. దారులను ఖర్చు పెరిగే వరుసలో పేర్చాలి. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లడానికి అదనంగా ఎంత పెడుతున్నాం, అదనంగా ఎంత ఆరోగ్యం వస్తోంది అని చూడాలి. ఏమీ చేయని స్థితి నుంచి మొదటి మందుకు 50,000 పెడితే 1 క్వాలీ. మొదటి దాని నుంచి రెండో దానికి 90,000 పెడితే అర క్వాలీ, అంటే క్వాలీకి 1,80,000. రెండో దాని నుంచి మూడో దానికి 60,000 పెడితే 1 క్వాలీ.

ఇక్కడే కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. 50,000 తర్వాత 1,80,000, ఆ తర్వాత మళ్లీ 60,000. పైకి వెళ్లేకొద్దీ పెరగాల్సిన నిష్పత్తి ఇలా మధ్యలో తగ్గిందంటే, దానికి ముందు మెట్టు జాబితాలో ఉండకూడనిదని అర్థం. కావాలంటే రోగుల్లో సగం మందికి మొదటి మందు, మిగతా సగానికి మూడో మందు ఇచ్చి చూడండి. సగటు ఖర్చు 2,25,000, సగటు ఫలితం 6.75. రెండో మందుకన్నా ఖర్చూ తక్కువే, ఆరోగ్యమూ ఎక్కువే. కాబట్టి రెండో మందును కొట్టేసి, మూడో దాన్ని నేరుగా మొదటి దానితో పోల్చాలి: 1,50,000 పెడితే ఒకటిన్నర క్వాలీ, అంటే క్వాలీకి 1,00,000. ఈ మెట్టు మరిచిపోయి, మూడో మందు క్వాలీకి 60,000కే వస్తోందని నివేదికలో రాసేయడం ఈ రంగంలో తరచూ జరిగే తప్పు.

రెండో గుంట ఇంకా లోతు. మూడో మందు అమ్మేవాళ్లు దాన్ని మొదటి మందుతో పోల్చరు, ఏమీ చేయని స్థితితో పోలుస్తారు. అప్పుడు 2,00,000 పెడితే 2.5 క్వాలీలు, అంటే క్వాలీకి 80,000. హద్దు 90,000 అయితే పాసైపోయింది. కానీ మొదటి మందు నుంచి ఇక్కడికి ఎక్కడానికి క్వాలీకి 1,00,000 అవుతోంది, అంటే ఫెయిలు. మందు మారలేదు, రోగి మారలేదు, పక్కన నిలబెట్టినదాన్ని మార్చారంతే. ఖర్చు–ఫలితం నివేదిక చేతికొస్తే, చివరి అంకె చూసే ముందు దేనితో పోల్చారో చూడమనేది ఇందుకే.

నిష్పత్తులతో తల తిరుగుతుంటే నికర లాభంగా మార్చుకోండి. క్వాలీలను హద్దుతో గుణించి ఖర్చు తీసేస్తే చాలు. స్టిన్నెట్, ములాహీ 1998లో ప్రతిపాదించిన దారి ఇది. హద్దు 90,000 అయితే నాలుగు దారులకు వరుసగా 3,50,000, 3,90,000, 3,45,000, 3,75,000. మొదటి మందు గెలిచింది. హద్దు 1,20,000 అయితే 5,00,000, 5,70,000, 5,40,000, 6,00,000. మూడో మందు గెలిచింది. ఏ హద్దు పెట్టినా రెండో మందు గెలవదు, ప్రయత్నించి చూడండి. ఈ పద్ధతిలో రుణ సంఖ్యల గొడవ కూడా ఉండదు. నిష్పత్తి మైనస్ 10,000 వచ్చిందంటే మందు చవకై మెరుగైనదీ కావచ్చు, ఖరీదై హాని చేసేదీ కావచ్చు. రెండింటికీ అదే మైనస్ వస్తుంది.

సగటు ఎంత దూరం దారి తప్పిస్తుందో చూపడానికి ఈ రంగంలో యాభై ఏళ్లుగా చెప్పుకునే ఉదాహరణ ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌ను పసిగట్టడానికి మలంలో రక్తం ఉందేమో వరుసగా ఆరుసార్లు పరీక్షించాలన్న సిఫారసును న్యూహౌజర్, లెవికీ 1975లో లెక్కలోకి దించారు. 10,000 మందిలో 72 క్యాన్సర్లు. ఒక్కో పరీక్ష, అప్పటికి మిగిలినవాటిలో దాదాపు 92 శాతం పట్టుకుంటుందని ఊహ. మొదటి పరీక్షకే సుమారు 66 దొరుకుతాయి. రెండో దానికి ఐదారు. ఆరోదానికి వచ్చేసరికి దొరకడానికి ఏమీ మిగలదు. ఆరు పరీక్షలకూ కలిపి ఒక్కో క్యాన్సర్‌కు సగటు ఖర్చు 2,451 డాలర్లు, చూడముచ్చటైన అంకె. ఆరో పరీక్ష వల్ల అదనంగా దొరికే ఒక్క క్యాన్సర్‌కు అయ్యే ఖర్చు మాత్రం 4.7 కోట్ల డాలర్లు దాటింది. ఆ పేపరులోని ఊహల మీద తర్వాత గట్టి విమర్శలు వచ్చాయి, ఆ కోట్ల అంకెను నేను పట్టుకుని వేలాడను. సగటు కింద ఉపాంత వ్యయం (చివరి మెట్టుకు అయ్యే అదనపు ఖర్చు) ఎలా దాక్కుంటుందన్నది మాత్రం ఏ ఊహలతోనైనా మీరే వేసి చూసుకోవచ్చు.

ఇదే చోట ఇంకో మాట. మందుల కంపెనీలు డబ్బిచ్చి చేయించిన విశ్లేషణల్లో నిష్పత్తులు హద్దుకు లోపలే రావడం ఎక్కువని 2006లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించిన సమీక్షలో తేలింది. భాగహారంలో దొంగతనం చేయక్కర్లేదు, ఊహల్లో చేస్తే సరిపోతుంది. ట్రయల్ రెండేళ్లే నడిచి, లెక్క ముప్పై ఏళ్లకు వేశారనుకోండి. మిగతా ఇరవై ఎనిమిదేళ్లూ, ఎంతమంది బతికుంటారో ఊహించే ఒక గణిత వక్రరేఖ మీద నడుస్తాయి. వైబుల్ రేఖ గీస్తే ఒక ఫలితం, లాగ్‌నార్మల్ గీస్తే దాని తోక పొడవుగా సాగి ఇంకో ఫలితం, రెండూ ఆ రెండేళ్ల డేటాకు ఇంచుమించు ఒకేలా అతుకుతాయి. మందు ఆపేశాక కూడా దాని ప్రభావం జీవితాంతం ఉంటుందని ఊహించారా, కొన్నేళ్లకు తగ్గుతుందని పెట్టారా అన్నది దీనికి తోడు. మెసేజ్ రాసినవారికి నిజంగా అనుమానపడాలని ఉంటే ఇక్కడ పడాల్సింది. దీని గురించి ఒక్క ముక్క లేదు.

మూడోది, నివారణ. వినడానికి మంచి మాట, అందుకే ప్రమాదం. వెయ్యిమందికి పదేళ్లపాటు మాత్రలు ఇచ్చామనుకుందాం, మనిషికి ఏడాదికి 300. మొత్తం 30 లక్షలు. దానివల్ల 20 పక్షవాతాలు తప్పాయి, ఒక్కోదానికి వైద్యం ఖర్చు 50,000 చొప్పున 10 లక్షలు మిగిలాయి. ఇంకా 20 లక్షలు చేతి నుంచి పెట్టినట్టే. ఎందుకంటే జబ్బు వచ్చేది ఇరవైమందికి, మాత్రలు మింగాల్సింది వెయ్యిమంది. తప్పిన ఒక్కో పక్షవాతానికి 4 క్వాలీలు దక్కితే మొత్తం 80, క్వాలీకి 25,000. చాలాచోట్ల కళ్లుమూసుకుని కొనాల్సిన బేరం ఇది. కానీ డబ్బు మిగిల్చేది కాదు.

కోహెన్, న్యూమన్, వైన్‌స్టైన్ 2008లో, అప్పటికే ప్రచురితమైన విశ్లేషణలను వడగట్టి చూస్తే, నివారణ చర్యల్లో నిజంగా డబ్బు మిగిల్చేవి ఐదో వంతు కూడా లేవు. చికిత్సల్లోనూ ఇంచుమించు అంతే. చిన్నపిల్లల టీకాల్లాంటివి కొన్ని నిజంగా మిగులుస్తాయి. ముప్పు తక్కువగా ఉన్నవాళ్లందరికీ ఏటా చేసే స్క్రీనింగ్ పరీక్షలు చాలావరకు మిగల్చవు. ఎవరికి, ఎంత తరచుగా అన్నదాన్ని బట్టి ఒకే పరీక్ష గొప్ప బేరమూ అవుతుంది, దండగా అవుతుంది. "నివారణకు లెక్కలు అక్కర్లేదు" అన్న మాట ఆ తేడాను తుడిచేస్తుంది. దాని పర్యవసానం ఇంకోటుంది: డబ్బు మిగల్లేదని తేలిన రోజున, మంచి కార్యక్రమాన్ని "విఫలమైంది" అని ఆపేస్తారు. చికిత్సను ఎవరూ "డబ్బు మిగిల్చిందా?" అని అడగరు. నివారణకు ఆ పరీక్ష ఎందుకు?

నాలుగోదానికి ఎక్కువ సమయం అక్కర్లేదు. మూడు రెట్ల సంగతి 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన స్థూల ఆర్థిక కమిషన్ నుంచి వచ్చింది, ఆ తర్వాత పట్టికల్లోకి ఎక్కింది. 2016లో ఆ సంస్థ నిపుణులే తమ బులెటిన్‌లో దాన్ని ఒంటరిగా నిర్ణయసూత్రంగా వాడొద్దని రాశారు. కారణం మొదటి పాయింటులో చెప్పినదే. తలసరి ఆదాయానికీ వైద్య బడ్జెట్ నుంచి పోయే ఆరోగ్యానికీ నేరుగా లింకు లేదు. అదే ఏడాది యార్క్ పరిశోధకులు ఆఫ్రికాలోని మలావీకి వేసిన అంచనా క్వాలీకి 3 నుంచి 116 డాలర్లు, అంటే తలసరి ఆదాయంలో ఎక్కువలో ఎక్కువ సగం. అలాంటి చోట మూడు రెట్ల హద్దు పెట్టి ఒక మందు కొంటే, వచ్చేదానికి కనీసం ఆరు రెట్లు పోగొట్టుకుంటారు. పదేళ్ల కిందట ఆ సంస్థ వాళ్లే వద్దన్నదాన్ని ఇవాళ "తేల్చేసింది" అని పంపడం అన్యాయం.

ఐదోది డిస్కౌంట్. ముప్పై ఏళ్ల తర్వాత దక్కే ఒక క్వాలీ, ఏడాదికి 3.5 శాతం చొప్పున ఇవాళ్టి లెక్కలో 0.36 దగ్గరికి దిగుతుంది. 1.5 శాతమైతే 0.64. టీకాలు, నవజాత శిశువుల చికిత్సల దగ్గర ఈ తేడాతోనే నిర్ణయం తారుమారవుతుంది, కాబట్టి రేటు ఎంత ఉండాలన్నది నిజమైన వివాదమే. డిస్కౌంటే వద్దనడం వేరు. ఖర్చుకు డిస్కౌంట్ వేసి ఫలితానికి వేయకపోతే ఏమవుతుందో కీలర్, క్రెటిన్ 1983లో చూపించారు. ఏ కార్యక్రమాన్నైనా ఇంకో ఏడాది వాయిదా వేస్తే నిష్పత్తి మెరుగుపడుతుంది, వచ్చే ఏడాదీ అదే లెక్క, దాంతో ఎప్పటికీ మొదలుపెట్టరు. రేపటి తరానికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆరోది మాత్రం చాలావరకు నిజం. ఈ రంగంలో పనిచేసేవాళ్లు దీన్ని ఒప్పుకోవడానికి నీళ్లు నమలడం నాకు నచ్చదు.

ఇద్దరికి ఒకే మందు ఒకేలా పదేళ్ల ఆయుష్షు ఇస్తుంది. ఒకరి ఆరోగ్య విలువ 1, చక్రాల కుర్చీలో ఉన్న ఇంకొకరిది 0.6. మొదటివారికి 10 క్వాలీలు, రెండోవారికి 6. మందు ఖర్చు 3,00,000 అయితే క్వాలీకి 30,000, 50,000. హద్దు 40,000 దగ్గర గీస్తే ఒకరికే మందు. "మేం వ్యక్తులకు లెక్క వేయం, జనాభాకు వేస్తాం" అన్నది మామూలుగా వచ్చే జవాబు. డుషెన్ కండరాల క్షీణత లాంటి జబ్బులో జనాభా మొత్తం అదే పరిస్థితిలో ఉన్నప్పుడు ఆ జవాబుకు అర్థం లేదు.

ఇంకా దారుణమైన మూల ఒకటుంది. అదనంగా బతికిన ఏళ్లలో అయ్యే మామూలు వైద్యం ఖర్చు కూడా కొత్త మందు ఖాతాలోనే పడుతుంది. ఏడాది డయాలిసిస్‌కు 30,000, ఆ ఏడాది విలువ 0.6 అనుకోండి. క్వాలీకి 50,000. హద్దు 40,000 అయితే, డయాలిసిస్ మీద ఉన్నవారి ఆయుష్షు పెంచే మందును ఉచితంగా ఇచ్చినా లెక్కలో ఫెయిలే. వాళ్లు బతికి ఉండటమే ఖర్చుకు తగదని లెక్క చెబుతోందన్నమాట. దీన్ని సాంకేతిక చిక్కు అని పక్కన పెట్టలేం.

ఆ 0.6 ఎక్కడిదో కూడా అడగాలి. ఆరోగ్య స్థితిని కొలిచే ఈక్యూ-5డీ లాంటి ప్రశ్నావళిలోని స్థితులకు విలువ కట్టేది సాధారణంగా ఆ స్థితిలో లేని మామూలు జనం. "ఇలా పదేళ్లు బతకడానికి బదులు పూర్తి ఆరోగ్యంతో ఎన్నేళ్లు చాలు?" అని వాళ్లను అడుగుతారు. ఆ స్థితిలో నిజంగా బతుకుతున్నవాళ్లు తరచూ అంతకన్నా ఎక్కువ విలువ ఇస్తారు. ఈ అభ్యంతరం చట్టాల్లోకీ ఎక్కింది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం చికిత్సలకు వేసిన ర్యాంకుల ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం 1992లో వికలాంగుల హక్కుల చట్టాన్ని చూపించి తిప్పి పంపింది. 2010 ఆరోగ్య చట్టం క్వాలీ హద్దును మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) నిర్ణయాలకు వాడొద్దంది.

అయితే ఇదే దీనికి విరుగుడు అని చెప్పి క్వాలీని పారేస్తే ఇంకో చోట అదే మనిషికి దెబ్బ తగులుతుంది. విలువను 0.4 నుంచి 0.7కు పెంచే చికిత్స ఏడాదికి 0.3 ఇస్తుంది. ముందే 0.95లో ఉన్నవారికి ఏం చేసినా 0.05 దాటదు. బాధ తగ్గించే చికిత్సల్లో క్వాలీ జబ్బు ముదిరినవారి వైపే మొగ్గుతుంది. అందరి విలువా 1 అని రాసేస్తే, పక్షవాతం నయం చేసే చికిత్స లాభం సున్నా అవుతుంది. అందుకే పెరిగిన ఆయుష్షును అందరికీ సమానంగా లెక్కగట్టే రెండో కొలతను క్వాలీ పక్కనే పెట్టి రెండు అంకెలూ చూపించే పద్ధతి అమెరికాలో వచ్చింది. నైస్ 2022 నుంచి తీవ్రమైన జబ్బుల క్వాలీలను 1.2తోనో 1.7తోనో గుణిస్తోంది. బడ్జెట్ అదే కాబట్టి, ఆ అదనపు బరువు ఇంకొకరి వాటా నుంచి వస్తుంది. ఉచితంగా ఇచ్చినా ఫెయిలయ్యే మందు సమస్యకు వీటిలో ఏదీ పూర్తి జవాబు కాదు. ఈ ఆరో పాయింటును మిగతా ఐదింటి నుంచి విడదీసి ఎవరైనా సరిగ్గా రాసి పంపితే, మొదట ఫార్వర్డ్ చేసేది నేనే.